వెనక వరసలో లేచిన ఆవిడ

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. పనీపాటా లేనివాళ్ళకే అవి కనబడతాయని ఎద్దేవా చేసేదాన్ని. ఇప్పటికీ ఉన్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

బహ్రెయిన్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. శుక్రవారం సెలవు, ఆ రోజే మా తెలుగు సంఘం ఆరాధన. పనిచేసే ఇళ్ళనుంచి పారిపోయి, పాస్‌పోర్టు వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, దగ్గరే ఉండిపోయి, తలదాచుకునే చోటు లేక హూరా సందుల్లో తిరిగే మన పిల్లలకు అన్నం, మందులు చూడడం మా ఇద్దరు ముగ్గురి పని. ఇరవై నిండీ నిండని ఆడపిల్లలే ఎక్కువ.

"నువ్వొచ్చింది ఉద్యోగానికా, సత్రం నడపడానికా?" అని మావారు దెప్పేవారు. నిజంగానే విసిగిపోయాను. ఒకరిని ఇంటికి పంపేలోపు ఇంకొకరు. ఇక నావల్ల కాదని పాస్టరుగారికి చెప్పేద్దామనే ఆ శుక్రవారం వెళ్ళాను.

ఆరాధన చివర ఎవరి ప్రార్థన మనవులు వాళ్ళు లేచి చెప్పుకోవడం మా అలవాటు. వెనక వరసలో ఒకావిడ లేచింది. యాభై దాటి ఉంటాయి. ముతక చీర, తలమీద కొంగు.

"మా సునీతకి జొరమండి. హిద్‌లో మూసేసిన సెలూను వెనకాల గదిలో ఒక్కత్తే పడుందండి. ఎవరైనా వెళ్ళండమ్మా."

అందరం విన్నాం. కళ్ళు మూసుకుని ప్రార్థించాం, ఆమెన్ అన్నాం. కళ్ళు తెరిచేసరికి ఆవిడ లేదు. ఆరాధన జరిగే మా హాలుకు బస్సు రాదు, ఎవరో ఒకరి కారులో రావాల్సిందే. ఎవరి కారులోనో వచ్చిందని అందరమూ అనుకున్నాం. విజిట్ వీసా మీద వచ్చిన ఎవరి అత్తగారో అనుకున్నాను నేను. తరవాత ఆరా తీస్తే, ఆవిడను ఎవరూ తీసుకురాలేదు.

గొణుక్కుంటూనే హిద్ వెళ్ళాను. సెలూను ఉంది, వెనక గదీ ఉంది. ఏసీ లేని ఆ కొలిమిలో ఒక పిల్ల. ఒళ్ళు కాలిపోతోంది, నోట మాట లేదు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు ఆసుపత్రిలో. పాస్టరుగారికి చెప్పాలనుకున్న మాట చెప్పనేలేదు.

ఆ పిల్ల తేరుకున్నాక, "మీ అమ్మేననుకుంటా, వచ్చి చెప్పిందమ్మా" అన్నాను.

"మాయమ్మ ఊళ్ళోనే ఉందండి ఆంటీ. నేనెక్కడున్నానో ఎవరికీ చెప్పలేదండి. ఆ ఇంట్లో కొడతంటే పారిపోయొచ్చేశానండి."

వీడియో కాల్‌లో వాళ్ళమ్మను చూశాను. వేరే మనిషి. పిన్నిని, మేనత్తను కూడా చూపించమన్నాను. సిగ్గు విడిచి, పోయినవాళ్ళ ఫోటోలూ అడిగాను. వాళ్ళలో ఎవరూ ఆవిడ కాదు.

కాగితాలన్నీ అయి, విమానాశ్రయంలో దింపినప్పుడు సునీత నా చెయ్యి వదల్లేదు. "ఆవిడ మళ్ళీ వత్తే, నేను ఇంటికెళ్ళిపోయానని చెప్పండాంటీ. కంగారు పడతారేమో."

ఆవిడెవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆ కబురు చెప్పాలని ప్రతి శుక్రవారం వెనక్కి చూస్తాను. ఇంతవరకూ రాలేదు. వస్తే మాత్రం, మళ్ళీ ఏ పిల్ల ఎక్కడ పడి ఉందోనని నాకు భయం.