నాలుగు నిమ్మకాయల మీద కంప్యూటరు

ముందు ప్రమాణం. ఈ పొద్దు నా కంచంలో పడిన రాగిసంగటి మీద, దాని పక్కనున్న ఊరిబిండి మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. మదనపల్లెలో నా గురించి అడిగితే "ఆ కోతలాయనా?" అనేవాళ్లు కొందరున్నారు. వాళ్ల మాట పట్టించుకోకండి. నేను అబద్ధం చెప్పే మనిషిని కాను. జరిగినదానికి కాస్త ఎరువు వేస్తాను, అంతే. ఎరువు లేకుండా టమోటా కూడా కాయదు.

టమోటా అన్నాను కాబట్టి నా పని కూడా చెప్పేస్తాను. మండీలో వేలంపాట పాడతాను. పెట్టెల వరసల మధ్య నిలబడి, అవతలి లారీ డ్రైవరు నిద్ర లేచేలా ధర అరవాలి. ఏళ్ల తరబడి అరిచిన ఫలితం, నా ఎడమ చెవి నామమాత్రంగా ఉంది. కుడి చెవి దాని దారినే నడుస్తోంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

మా అక్కను పుంగనూరులో ఇచ్చాం. బావకు అక్కడ పశువుల దాణా కొట్టు. తౌడు, గానుగ చెక్క, పత్తిగింజలు అమ్మీ అమ్మీ లోకంలో ప్రతిదాన్నీ పాడిపశువులాగే చూడటం ఆయనకు అలవాటైపోయింది. పెళ్లికొడుకును చూడబోయినా ముందు నడక చూస్తాడు. వాళ్లకు ఒక్కతే కూతురు. కుప్పంలో డిగ్రీ చదువుతోంది. చదువుకు ఏదో పేరుంది కానీ, ఆ పిల్ల నిజంగా చేసే పని పాటలు కట్టడం. పాడటం కాదు, కట్టడం. పలక డప్పు శబ్దం ఒకచోట పట్టి, పిల్లనగ్రోవి ఇంకోచోట పట్టి, వాన చప్పుడు మరోచోట పట్టి, అన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి పాట చేస్తుంది. అదంతా ఫోన్లోనే. ఆ ఫోను నాలుగు వరసలు పేర్చేసరికి ఎండలో నిలబెట్టిన బరువు బండి ఎద్దులా కూలబడుతుంది.

ఇలా ఉండగా కాలేజీలో సీనియర్లు ఒక చిన్న సినిమా తీశారు. దానికి సంగీతం నువ్వే చెయ్యమని ఈ పిల్లను అడిగారు. ఎండాకాలం సెలవులు ముగిసేలోగా ఇవ్వాలి. ఇవ్వకపోతే బెంగళూరులో ఇంకెవరో సిద్ధంగా ఉన్నారు. పిల్ల చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి, స్కాలర్‌షిప్పులో మిగిల్చి కొంత దాచుకుంది. అది ఒక్క కంప్యూటరుకు సరిపోతుంది. తప్పుగా కొంటే రెండోది కొనడానికి చాలదు.

బావ తీర్పు అక్క ద్వారా కాకుండా నేరుగానే వచ్చింది.

"ఈ ఒక్క తూరికే. ఆ సినిమావాళ్లకు పాట ఇచ్చినావా, నీ దోవ నీది. ఇయ్యలేదా, నోరు మూసుకోని బీఈడీకి కట్టాల. ఇంకోటి, కంప్యూటరు తెలిసిన పెద్దోళ్లు ఎవురైనా ఎంచి ఇప్పించాల. నువ్వు పోతే రంగు సూసి మోసపోతావు."

తెలిసిన పెద్దవాళ్లంటే మా వంశంలో నేనే. ఎప్పుడో మండీలో బిల్లులు కొట్టే కంప్యూటరు ఆగిపోతే, దాన్ని బాగుచేసింది నేనని బావకు చెప్పి ఉన్నాను. అది నిజమే. ఎలుక లాగేసిన ప్లగ్గును మళ్లీ గోడకు పెట్టింది నేనే. బావ దగ్గర ఆ ఎలుక ప్రస్తావన రాలేదు, అంతే తేడా.

పిల్ల ఫోను చేసింది. "మామా, యాడుండావు?"

"మండీలో. టమోటా ఎక్కతాండాది. బిన్నా సెప్పు."

"నువ్వు కుప్పానికి రావాల. కంప్యూటరు గురించి నీకు పాఠం సెప్పాల. నాయన అడిగితే తడబడగూడదు గదా."

నాకు పాఠమా! అయినా వెళ్లాను. బైరెడ్డిపల్లె దాటేసరికి బస్సులో నేనూ, ఒక కోళ్ల గంపా మిగిలాం. కుప్పంలో కాలేజీ దగ్గర టీకొట్టులో పిల్లా, ఆమె స్నేహితురాళ్లూ నా కోసం కాచుకుని ఉన్నారు. ఒక అమ్మాయి వెండిరంగు కంప్యూటరు పేరు చెప్పి, సంగీతం చేసేవాళ్లంతా అదే వాడతారంది. దాని ధర విని నా టీ చల్లారిపోయింది. ఇంకో అమ్మాయి, ఆటలాడేవాళ్లు కొనేదైతే బలంగా ఉంటుందంది. మా పిల్ల రెండూ కాదంది.

"సూడు మామా. ర్యామ్ పదారు ఉండాల."

"ర్యామ్ అంటే?"

"ఒకేసారి ఎన్ని వరసలు పట్టుకోగలదో అది."

"అంటే గాడి. ఒక్క గాడికాడ ఎన్ని పశువులు మేస్తాయో అది. ఆ తర్వాత?"

"లోపల తిరిగే పాత డిస్కు కాకుండా ఎస్‌ఎస్‌డీ ఉండాల. నేను వాన శబ్దం అడిగితే టక్కున తీసియ్యాల. ఇంగోటి, ముఖ్యమైంది, ఫ్యాను అరవగూడదు. నేను మైకు పెట్టి రికార్డు సేస్తాంటే దాని ఊపిరి గూడా పాటలో పడతాది."

"రంగు?"

"ఏదైనా సరే. పాతదైనా సరే. బెంగళూరు ఆఫీసుల్లో వాడి తీసేసినవి మదనపల్లెకు వస్తాండాయి. కొత్తది కొంటే మన దుడ్లకు పైన తళుకే వస్తాది, లోపల ఏమీ రాదు."

ఆదివారం మదనపల్లెలో కంప్యూటర్ల వేట. మొదటి అంగడి అద్దాలది. లోపలికి అడుగుపెట్టగానే ఒక కుర్రవాడు మమ్మల్ని నేరుగా ఒక కంప్యూటరు ముందుకు తీసుకుపోయాడు. దాని అక్షరాల కింద ఎరుపు, పచ్చ, నీలం లైట్లు పరుగెత్తుతున్నాయి. గంగజాతరలో లైట్ల తోరణం కట్టినట్టుంది.

"ఇది తీసుకోప్పా, సంగీతానికి బాగుంటాది," అన్నాడు.

"సంగీతానికి లైట్లు యాలప్పా?"

"సూసేదానికి."

"మా పిల్ల ఇనేదానికి కొంటాండాది," అని బయటికొచ్చాం.

రెండో అంగడి సందులో ఉంది. ఆఫీసుల్లోంచి వచ్చిన కంప్యూటర్లు దొంతరలుగా పేర్చి ఉన్నాయి, మా మండీలో పెట్టెల్లాగే. యజమాని నా వయసువాడే. తళతళలాడేది ఒకటి తీసి తుడిచి ముందు పెట్టాడు. ఇక్కడే నా అనుభవం పనికొచ్చింది.

పాలావును కొనేటప్పుడు మావైపు ఒక పద్ధతి ఉంది. సంతకు తోలేవాడు ముందుపూట పాలు పిండకుండా తెస్తాడు. పొదుగు నిండుగా కనబడుతుంది. ఇంటికి తోలుకుపోయాక మరుసటి పూట చూస్తే చెంబుడు కూడా రావు. అందుకే తెలిసినవాడు వరసగా మూడు పూటలు తన కళ్లముందు పిండించి చూశాకే పగ్గం అందుకుంటాడు.

"దీన్ని పిండి సూడాలప్పా," అన్నాను.

"ఇది కంప్యూటరప్పా, ఎనుము కాదు."

"ఎనుమైతే ఒక్క పూటకే ఒప్పుకునేవాణ్ణి. అది అబద్ధం ఆడదు. నీ కంప్యూటరు ఆడతాది."

పిల్ల తాను సగం కట్టిన పాట, ఫోను మోయలేక వదిలేసిన వరసలన్నిటితో సహా, అందులోకి ఎక్కించింది. తళతళలాడేది మొదట కోకిల. కాసేపటికి పిండిమర. ఫ్యాను ఊళ పెట్టింది, పాట ముక్కలు ముక్కలుగా తెగింది. యజమాని దాని వీపు నిమిరాడు కానీ లాభం లేకపోయింది. అలాంటివి ఇంకా కొన్ని పిండాం. చివరికి దొంతర అడుగునుంచి ఒకటి తీశాడు. నల్లది, లావుది. అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. మూత మధ్యలో ఏదో కంపెనీ స్టిక్కరు పీకిన గుండ్రటి మచ్చ. పాట ఎక్కించాం. టీ తాగొచ్చాం. అన్నం తినొచ్చాం. అది పాడుతూనే ఉంది. నేను వంగి చెవి ఆనించి విన్నాను. నిద్రపోయే దూడలాగా సన్నటి ఊపిరి.

"ఇదే," అన్నాను.

బేరం పశువుల సంతలోలా తువ్వాలు కింద వేళ్లతోనే చేశాం. నేను భుజం మీది తువ్వాలు అతని చేతి మీద కప్పి వేళ్లు పట్టుకున్నాను. అతను నవ్వాడు. వాళ్ల నాయన పశువుల దళారి అట. ధర దగ్గర వేళ్లు బిగించాడు కానీ, ఖాళీగా ఉన్న గాటులో ఇంకో ర్యామ్ ముక్క ఊరికే వేసిచ్చాడు. గాడి పెద్దదైంది.

అసలు గండం పుంగనూరులో ఉంది. బావ సంచిలోంచి దాన్ని తీసి, కొట్టు ముందు వెలుతురులో పెట్టి, చుట్టూ తిరిగి చూశాడు.

"ఇదేందప్పా, ముసిలిది! పళ్లు గూడా అరిగిపోయుండాయి." అక్షరాల గురించి.

"బావా, అది..."

"ఇదే దుడ్లకు కొత్తది వస్తాది. ఎనక్కిచ్చేసి రాపో. పాట లేదు, గీట లేదు. నాకు ముందే తెలుసు."

పిల్ల తౌడుబస్తా మీద కూర్చుని, చేతిలో ఛార్జరు వైరు చుడుతోంది, విప్పుతోంది. వెనక్కిచ్చి మళ్లీ వెతికే సమయం లేదు. సెలవులు మొదలయ్యాయి. ఇప్పుడు ఇది ఇంట్లోకి రాకపోతే బీఈడీ పుస్తకాలు వస్తాయి.

నేను గొంతు సవరించుకున్నాను.

"బావా, మన పుంగనూరు ఆవు పొట్టిది. సూసేదానికి దూడ మాదిరి ఉంటాది. దాని పాల మీద మీగడ సంగతి నేను నీకు సెప్పాలనా?"

"దానికీ దీనికీ ఏం?"

"ఇది బెంగళూరులో పెద్ద పాటల కొట్టులో పనిచేసింది. దీన్ని అమ్మేటప్పుడు ఆ యజమాని ఇంటామె దీనికి దిష్టి తీసి పంపించిందంట. కావాలంటే సుడి సూడు."

సుడి అనగానే బావ వంగాడు. పశువు ఒంటిమీద వెంట్రుకలు తిరిగే సుడులు ఎక్కడుంటే ఏమవుతుందో ఆయనకు కంఠతా వచ్చు. మూత మధ్యలో ఉన్న గుండ్రటి మచ్చను బొటనవేలితో రుద్దాడు. తల ఇటు వంచి చూశాడు, అటు వంచి చూశాడు.

"సరీగ్గా నడివీపున ఉండాది," అన్నాడు గొంతు తగ్గించి.

"మరి!"

"ముందే సెప్పద్దా?" అని లోపలికి కేకేశాడు. "ఏమే, పసుపు కుంకుమ తీసుకురా. నిమ్మకాయలు గూడా."

అక్క కుంకుమ పెట్టింది. పసుపు అక్షరాల సందుల్లో పడకుండా పిల్ల రెండు చేతులూ అడ్డం పెట్టింది. కొత్త బండికైతే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. దీనికి చక్రాల్లేవు కాబట్టి అక్క నాలుగు మూలల కింద నాలుగు పెట్టింది.

"ఇప్పుడు ముందుకు తోలండి," అన్నాడు బావ.

"ఇది కదలదు నాయనా."

"కదలనిదానికా ఇంత దుడ్లు!"

కంప్యూటరు నిమ్మకాయల మీద అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నపు ఎండ, రేకుల కొట్టు. పాట పెట్టగానే సన్నగా హోరుమన్న ఫ్యాను కాసేపటికి తగ్గిపోయింది. పిల్ల అడుగున చెయ్యి పెట్టి చూసింది. కింద ఖాళీ ఏర్పడి గాలి ఆడుతోంది. నిమ్మకాయలు తియ్యబోయిన అక్కను ఆపింది.

"తీయొద్దు మా. అట్లే ఉండనీ."

సెలవులంతా ఆ కంప్యూటరు నిమ్మకాయల మీదే పనిచేసింది. ఎండినవి తీసి అక్క కొత్తవి పెట్టేది. బావ దాన్ని దేవుడి మహిమ అన్నాడు, పిల్ల గాలి అంది, అక్క మాత్రం నిమ్మకాయలు పిరమైపోయాయంది.

సంగీతం గడువులోపలే కుప్పం చేరింది. సీనియర్లు సినిమాకు అతికించి తిరిగి పంపారు. పిల్ల కొట్టులో బావకు వినిపించింది. ఆయన లెక్కచెయ్యనట్టు బస్తా కుడుతూ విన్నాడు. సగంలో సూది ఆగింది.

"ఈ కరకర ఏందే? ఇది మన తౌడు జల్లెడ గదా?"

"అవు నాయనా. నువ్వు పొద్దున్నే ఆడిస్తాంటే రికార్డు సేసినా. తాళం అదే."

బావ మొదటినుంచీ పెట్టమన్నాడు. మళ్లీ విన్నాడు. ఆ తర్వాత కోపంగా, "యాల సెప్పలేదు? సెప్పింటే కొత్త జల్లెడతో ఆడించింటా గదా!" అన్నాడు. బీఈడీ మాట ఆ ఇంట్లో ఆ తర్వాత నేను వినలేదు.

ఇప్పుడు ఒప్పుకోలు. ఇందులో కల్పించిన ముక్క ఒకటుంది. మీరు నిమ్మకాయలను అనుమానిస్తూ ఉంటారు. అవి నిజం. సుడి నిజం. జల్లెడ నిజం. కల్పించింది రెండు అంగళ్లలో మీకు కనబడిన నన్ను. ఆ ఆదివారం నేను వాటి ఛాయలకే పోలేదు. మండీలో సరుకు విపరీతంగా దిగితే పొద్దస్తమానం వేలంపాట పాడుతూ ఉన్నాను. ఫ్యాను ఊపిరి వినడానికి నా చెవులు ఏపాటివో మొదట్లోనే చెప్పాను. ఆవును మూడు పూటలు పిండే పద్ధతి ఆ పిల్ల వాళ్ల నాయన కొట్టులో విని నేర్చుకున్నదే. లైట్లవాణ్ణి కాదన్నదీ, ఒంటరిగా ఆ సందు అంగట్లో కూర్చుని ఒక్కోదాన్నీ పిండి చూసిందీ, యజమాని వేళ్లు పట్టుకోకుండానే ర్యామ్ ముక్క అడిగి వేయించుకున్నదీ ఆ పిల్లే. సాయంత్రం సంచితో మండీకి వచ్చింది.

"మామా, దీన్ని ఎంచింది నువ్వేనని నాయనకు సెప్పు."

"నువ్వు ఎంచినావు గదా. ఆ మాటే సెప్పు."

"ఫోన్లో సెప్పినా. 'నీకేం తెలుసు, ఎనక్కిచ్చేసి రా' అన్నాడు. నిజం సెప్పి సూసినా మామా. ఇంగ నువ్వే దిక్కు."

ఇన్నేళ్ల నా కోతలకు అంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు.

బావ ఇప్పటికీ కొట్టుకు వచ్చినవాళ్లందరికీ జల్లెడ పాట వినిపించి, "మా బామ్మర్ది ఎంచిన కంప్యూటరు," అంటాడు. సోమల నుంచి ఒకాయన, కలకడ నుంచి ఇంకొకాయన తమ పిల్లలకు కంప్యూటరు ఎంచిపెట్టమని నా దగ్గరికి వచ్చారు. నేను కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి, రేపు రమ్మని పంపించి, వాళ్లు సందు తిరగ్గానే పిల్లకు ఫోను చేస్తాను.

ఇక రాగిసంగటి మీద వేసిన ఆ ఒట్టు అంటారా, ఈ పొద్దు మా ఇంట్లో ఉప్మా.