అమ్మ ఏడవని పది రోజులు

పోయిన వేసవిలో పర్చూరు దగ్గర మా మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతుంటే అమ్మ కన్ను ఎర్రబడింది. "ఘాటేలే, నీళ్లతో కడుక్కో" అన్నాను.

వారమైనా తగ్గకపోతే గుంటూరు తీసుకెళ్లాను. బ్యాక్టీరియా వల్ల నల్లగుడ్డు మీద పుండు పడిందన్నారు డాక్టరుగారు. గంటకోసారి చుక్కలు వేయమన్నారు. "కన్నీళ్లకు మందు కొట్టుకుపోతుందమ్మా. నానో రేణువుల్లో పెట్టి కంటికి అతుక్కునేలా చేసే మందు ఇంకా పరిశోధనలోనే ఉంది" అన్నారు.

"ఏడ్చావంటే మందంతా పోద్ది!" అని అమ్మను గదమాయించాను. నొప్పికి దుప్పటి కొరుక్కుందే గానీ, మందు వేసిన పది రోజులూ ఏడవలేదు.

చివరికి ఆ కంటికి ఇక చూపు రాదన్నారు. ఆ మొదటి వారం పోగొట్టింది నేనే.

అమ్మ నావైపు తిరిగి మెల్లగా అడిగింది: "ఇక ఏడవొచ్చా అమ్మాయ్?"