అందరూ ముందుకే

హనుమకొండలో చీరల కొట్టు నడిపే రమాకాంత్ ఆదివారాలు బజారు ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. బొజ్జ మీద విజిల్ ఊగుతుంటే మైదానం గీత పక్కనే తిరుగుతూ అరుస్తాడు: "ముందుకు పోండ్రి! బాల్ వాళ్ల గోల్ కాడనే గుంజుకోవాలె, ఊపిరి తీస్కోనియ్యొద్దు!" వెనక ఎవరైనా నిలబడితే ఆయనకు నామోషీ. ములుగు జట్టుతో ఫైనల్ సమంగా సాగుతుంటే, ఆఖర్లో గోల్‌కీపర్ మహిపాల్‌ను కూడా ముందుకు తరిమాడు.

"గోల్ కాడ ఎవలుంటరన్నా?"

"బాల్ ఇటు వస్తే గద! ఫికర్ చెయ్యకు."

అంతలో ములుగు ఆటగాడు కొట్టిన బంతి అందరి తలల మీదుగా వచ్చి, ఖాళీ గోల్ వైపు దొర్లసాగింది. రమాకాంత్ చెప్పులు వదిలేసి మైదానంలోకి ఉరికి, బంతి మీద బోర్లా పడ్డాడు. గోల్ ఆగింది. రిఫరీ ఎర్రకార్డు చూపి బయటికి పొమ్మన్నాడు.

మహిపాల్ ఆయనను లేవదీస్తూ, "మన టీంల గోల్ కాపాడనీకి వచ్చింది నువ్వొక్కనివే అన్నా" అన్నాడు.