మేడ మీద మీటింగు, కింద మీటింగు

మా ఆయన బిల్డింగులకు రంగులు వేస్తాడు. పనిలో ఉన్నంతసేపు బంగారంలాంటి మనిషి. పని దిగి ఇంటికి వచ్చే దారిలోనే చిక్కు. కామాటిపురలో మా గల్లీకి ఎటునుంచి వచ్చినా ఒక మందు దుకాణం దాటాలి. ఆయన ఏదీ దాటేవాడు కాదు.

ఒకసారి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే గల్లీ చివరి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బిళ్లలు రాసిచ్చి, తాగుడు మానాలనుకునేవాళ్లు ఆదివారం పొద్దున మున్సిపాలిటీ బడిలో కలుసుకుంటారని, అక్కడ ఎవరూ ఎవరినీ తప్పు పట్టరని చెప్పాడు. మానాలని మా ఆయనకు ఉంది. మీటింగుకు పోవాలనే లేదు.

"ఎవలన్న చూస్తే ఇజ్జత్ పోతది," అన్నాడు.

"మెట్ల మీద పండుకున్నప్పుడు పోని ఇజ్జత్ బడికి పోతే పోతదా?" అన్నాను.

ఆదివారం కూరగాయలకు పోతున్నట్టు సంచి పట్టుకుని బయల్దేరాడు. ఆయనెవరో నాకు తెలియనట్టు నేను వెనకాల నడిచాను. బడి పక్క గల్లీలోనే. మేము మాత్రం ఫాక్‌లాండ్ రోడ్డు మీదికి పోయి చుట్టూ తిరిగి వచ్చాం. దారిలో పక్కింటి వదిన ఎదురై, "గంత దూరం దూరం నడుస్తున్నరేంది, కొట్లాడిన్రా?" అని అడిగింది. అవునన్నాను. ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

గేటు దగ్గర వాచ్‌మన్‌ని మీటింగెక్కడని అడిగితే మేడ వైపు చెయ్యి చూపించాడు. పైన గది నిండా మనుషులు. పిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. చాయ్, బిస్కెట్లు తిరుగుతున్నాయి. ముందు కూర్చున్న ముసలాయన పక్క గల్లీలో భజన నడిపే పెద్దమనిషి. ఈయన కూడానా అనుకున్నాను. అబద్ధమెందుకు, ప్రాణం కాస్త హాయిగా అనిపించింది.

"సిగ్గుపడొద్దు. ఎవల బాధ వాళ్లు నోరు తెరిచి చెప్పుండ్రి," అన్నాడు పెద్దాయన.

ఒకామె లేచి, "గోడలన్ని ఊగుతున్నయి. మెట్లు దిగాలంటే భయమైతున్నది," అంది. ఆడవాళ్లను కూడా ఇంత పట్టుకుందా ఈ తాగుడు అని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా ఆయన వంతు వచ్చింది. నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నాకు తాగెటి సమస్య ఉన్నది."

"అందరికి ఉన్నది తమ్మీ," అన్నాడు పెద్దాయన. "ఎప్పటిసంది?"

"పెండ్లికి ముందటిసంది."

"మరి పైపులు మార్చమని ఎవలకన్న చెప్పినవా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను గోడ మీది అక్షరాల పటం వైపు చూశాను.

"నీళ్లు కాదు పెద్దయ్యా. మందు. తాగుడు మానాలని వచ్చిన."

అది మేముండేలాంటి వరస గదుల పాత చాళ్లు కూలగొట్టి కొత్త బిల్డింగులు కట్టే సంగతి మాట్లాడుకునే మీటింగని అప్పుడు అర్థమైంది. వెనక బెంచీలో నవ్వు మొదలైంది. పెద్దాయన చెయ్యెత్తి ఆపి, తనే లేచి మమ్మల్ని కిందికి తీసుకొచ్చాడు. మెట్ల మీద మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "లోపల ఏం చెప్తరో నాకు గూడ జర చెప్పు. మా పెద్ద కొడుకున్నడు," అన్నాడు మెల్లగా.

కింద గదిలో కొద్దిమందే ఉన్నారు. మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. నేను వరండాలో కూర్చున్నాను. మా ఆయన బయటికి వచ్చాక ఏమన్నారని అడిగాను.

"ఏమనలే. విన్నరు. మళ్ల రమ్మన్నరు," అన్నాడు. ఆయన మాట పూర్తిగా విన్నవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు, నాతో సహా.

సాయంత్రానికి మా చాళ్ మొత్తానికీ తెలిసిపోయింది. ఇజ్జత్ సంగతేమో కానీ, అందరూ ఆయనకు కాపలా కాయడం మొదలుపెట్టారు. పనినుంచి రాగానే ప్రతి గడపలోంచీ, "అన్నా, చాయ్ తాగి పో," అని పిలుపు. తాగి తాగి ఛాతీలో మంట పట్టుకుంది. డాక్టరు ఈసారి చాయ్ మానమన్నాడు.

తర్వాత ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తమ మొగుళ్లను తెచ్చి మాకు అప్పగించారు. సూది మందుకు పోయే పిల్లల్లా వాళ్లు మా ఆయన వెనక నడిచేవారు. మహబూబ్‌నగర్ నుంచి కూలికి వచ్చిన ఇద్దరు చేరారు. వాళ్లకు మరాఠీ రాదు. దాంతో మా ఆయన తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. భజన పెద్దాయన కొడుకూ వచ్చాడు.

మధ్యలో ఒకసారి వర్లిలో చుట్టాల ఇంట్లో పెండ్లికి పోయి తాగి వచ్చాడు. ఆ ఆదివారం ముసుగు తన్ని పడుకున్నాడు. భజన పెద్దాయన కొడుకే వచ్చి దుప్పటి లాగి, "నడువ్ అన్నా, నేనొక్కన్ని పోతే నాకు బుగులైతది," అన్నాడు. మా ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు. నేను తలుపు వేసుకుని కాసేపు ఏడ్చాను.

మీటింగుకు ఇంట్లోవాళ్లను కూడా పిలిచిన రోజు అందరం పోయాం. మా ఆయన లేచి, "మా ఇంటిది ఒక్కనాడు గూడ నన్ను ఒక్క మాట అనలే," అన్నాడు. మా చాళ్ వాళ్లందరికీ ఒకేసారి దగ్గు వచ్చింది. నా గొంతు ఎన్ని అంతస్తులు పోతుందో వాళ్లకు తెలుసు.

ఇంటికి నడిచి వస్తూ అడిగాను, "అంత అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

"నిజం చెప్తే నిన్ను గూడ ఏదన్న మీటింగుకు తోల్తరని," అన్నాడు.