ముద్ద మింగేదాకా

ఫిజియోథెరపీ చదువు పూర్తయిన ఏడాది, నేపాల్‌లోని ఒక కొండ ఊళ్లో వికలాంగ పిల్లల బడికి వాలంటీరుగా వెళ్లాను. నాలుగు నెలలు. ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. "గంత దూరం ఒక్కదానివి ఎందుకు పోవుడు?" అని బాపు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సేవ చేయాలని ఉందని చెప్పాను. నిజానికి అప్పుడు నాకు పిల్లల మీద కంటే ప్రయాణం మీదే ఎక్కువ ఆశ. తిరిగొచ్చాక ఉద్యోగానికి కూడా పనికొస్తుందని లోపల్లోపల అనుకున్నాను.

బడిలో నాకు తొమ్మిదేళ్ల పాపను అప్పగించారు. పుట్టినప్పుడే మెదడు దెబ్బతినడంతో ఆమెకు నడక, మాట రెండూ రాలేదు. చేతులు బిగుసుకుపోయి ఉండేవి. మధ్యాహ్నం పప్పన్నం మెత్తగా మెదిపి చెంచాతో తినిపించడం నా పని. మొదటి రోజు గంట పట్టింది. మూడో రోజుకు నా ఓపిక అయిపోయింది. మింగిందో లేదో చూడకుండానే ఇంకో చెంచా నోట్లో పెట్టాను. పాపకు పొలమారింది. ముఖం కందిపోయి, పెదవులు నీలంగా మారాయి. వంటగదిలోంచి బడి ఆయమ్మ పరుగెత్తుకొచ్చి, పాపను ముందుకు వంచి వీపు తట్టి, నోట్లోని మెతుకులు తీసి, ఊపిరి కుదురుకునేదాకా ఒళ్లో పెట్టుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. నాలుగేళ్లు చదివిన చదువులో ఒక్క ముక్కా గుర్తురాలేదు.

ఆ ఆయమ్మ యాభై దాటిన మనిషి. నన్ను తిట్టలేదు. పిల్లలు పడుకున్నాక నన్ను చాప మీద వెల్లకిలా పడుకోమంది. చేతులు కదపొద్దు, మాట్లాడొద్దు అని వచ్చీరాని హిందీలో చెప్పింది. అదే గిన్నె, అదే చెంచా. గబగబా నోట్లో పెట్టడం మొదలుపెట్టింది. రెండో చెంచాకే నా గొంతు పట్టేసింది. భయంతో లేచి కూర్చుని దగ్గుతుంటే గ్లాసుతో నీళ్లిచ్చింది.

"రేపు కూడా నువ్వే తినిపించాలి," అంది.

మర్నాడు పాపను నిటారుగా కూర్చోబెట్టి, ఒక్కో ముద్దకూ గొంతు కదిలేదాకా ఆగాను. అలా ఆగినప్పుడే ఆమె ముఖాన్ని సరిగ్గా చూశాను. కావాలంటే కళ్లు పైకెత్తుతుంది. వద్దంటే రెప్పలు గట్టిగా మూస్తుంది. ఆ మూడు రోజులూ పాప నాకు వద్దని చెబుతూనే ఉందన్నమాట.

నాలుగో నెల చివర, ఊరికి వెళ్లిపోతున్నానని పాపకు చెప్పాను. మర్నాడు నా చెంచాకు నోరు తెరవలేదు. కళ్లు మూసుకుని కూర్చుంది. బయలుదేరే రోజు కూడా అంతే. ఆయమ్మ పెడితే తింది.

"మీరందరూ వస్తారు, పోతారు. ఆమెకు తెలుసు," అంది ఆయమ్మ. అందులో కోపం లేదు. అందుకే ఇంకా కష్టంగా అనిపించింది.

ఇబ్రహీంపట్నంలో బస్ డిపో వెనక మా చిన్నమ్మ ఇల్లుంది. ఆమె కూతురికి పదిహేనేళ్లు. ఆ పిల్లకూ నడక, మాట లేవు. చిన్నప్పటి నుంచి ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. లోపలి గదిలో మంచం మీద ఉన్న చెల్లిని గుమ్మం దగ్గరి నుంచే చూసి వచ్చేసేదాన్ని. నేపాల్ నుంచి వచ్చిన వారానికి వెళ్తే, చిన్నమ్మ చెల్లికి అన్నం తినిపిస్తోంది. నేను ఉండబట్టలేక, "గట్ల గాదు చిన్నమ్మా. జర తల ముంగటికి వంచాలె. చెంచా నాకియ్యి," అన్నాను.

చిన్నమ్మ చెంచా గిన్నెలో పెట్టి నా వైపు చూసింది.

"పదిహేనేండ్ల సంది నేను తినిపిస్తలేనా? ఒక్కనాడన్న వచ్చి దీని పక్కన కూసున్నవా? నాలుగు నెలలు ఏడికో పోయొచ్చి నాకు నేర్పవట్టినవ్."

"అవ్ చిన్నమ్మా. నాదే తప్పు," అని లేవబోయాను.

"పోకు. కూసో," అంది చిన్నమ్మ. "దీని ఎడమ చెయ్యి బొటనవేలు చూడు. కడుపు నిండితే లోపటికి ముడుస్తది. గిది నాకు ఏ డాక్టరూ చెప్పలే. నేనే కనుక్కున్న."

మంచం అంచున కూర్చుని చూశాను. ఆరేడు ముద్దల తర్వాత ఆ వేలు మెల్లగా అరచేతిలోకి ముడుచుకుంది. చిన్నమ్మ గిన్నె కింద పెట్టి కొంగుతో చెల్లి మూతి తుడిచింది.

ఇప్పుడు నేను ఇక్కడే ఒక దవాఖానలో పనిచేస్తున్నాను. వారానికి రెండు రోజులు చిన్నమ్మ ఇంటికి వెళ్తాను. రాలేని వారం ఉంటే, ముందే చెల్లి పక్కన కూర్చుని ఆమెకే చెబుతాను. వీపు నిలబడేలా కొలతలిచ్చి వడ్రంగితో ఒక చెక్క కుర్చీ చేయించాం. ఒళ్లు జారకుండా కట్టే పట్టీలు ఎక్కడ ఒరుసుకుంటాయో చిన్నమ్మే చూసి చెప్పింది.

మొన్న ఆదివారం ఆ కుర్చీని మొదటిసారి వాకిట్లో వేశాం. చిన్నమ్మ చెల్లికి రెండు జడలు వేసి కూర్చోబెట్టింది. దారిన పోతున్న ఒకామె ఆగి, "నీ బిడ్డనా? ఇన్నొద్దులు ఏడుండె?" అని అడిగింది.

చిన్నమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంట్లనే ఉన్నదక్కా," అంది. "మేమే బయటికి తేలే."