నా చేత్తో పోసిన చాయ్

నాకు నోరెక్కువ. కడప జిల్లాలో మా ఇంట్లో అందరికీ ఎక్కువే, నాకు ఓ పిడికెడు ఇంకా ఎక్కువ. అన్యాయం కనిపిస్తే నిలదీయకుండా ఉండలేనని నా గురించి నేనే గొప్పగా చెప్పుకునేదాన్ని. నిలదీయడమంటే నా లెక్కలో అరవడమే. ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగే అలవాటు నాకు లేదు. ఆ అలవాటు లేకే ఒక అవ్వ చెయ్యి కాల్చాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. గచ్చిబౌలిలో నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు రెండు వారాలకోసారి ఏదో ఒక బంద్ పేరుతో సెలవొచ్చేది, దానికి బదులు శనివారం వచ్చి పని చేయమనేవాళ్లు. ఖాళీ దొరికిన శనివారాల్లో మా ఆఫీసు సేవా బృందం ఒక కాలనీకి వెళ్లేది. మదీనాగూడ దాటి ముంబై హైవే మీద చాలా దూరం పోయి పక్కకు తిరగాలి. కుష్టువ్యాధి వచ్చి, మందులతో నయమైపోయినవాళ్లు అక్కడ ఉంటారు. ఓ ధర్మసంస్థ వాళ్ల కోసం చిన్న దవాఖాన, తువ్వాళ్లు నేసే షెడ్డు, అందరికీ కలిపి ఒక వంటగది నడుపుతోంది. మేం బస్సు దిగేవాళ్లం, పండ్లు పంచేవాళ్లం, బ్యానర్ పట్టుకుని ఫోటోలు దిగేవాళ్లం, ఎండ ముదరకముందే మళ్లీ బస్సెక్కేవాళ్లం. వచ్చే దారిలో హోటల్ దగ్గర ఆగి ఇడ్లీ తింటూ, మనమెంత మంచి పని చేశామో మాట్లాడుకునేవాళ్లం.

అవ్వ నాకు అక్కడే పరిచయమైంది. నన్ను చూడగానే, "ఏమే కడప బిడ్డా, మా తెలంగాణ మాకిస్తవా, ఇయ్యవా?" అని దబాయించేది.

"నా సంచిలో లేదవ్వా, ఉంటే ఈపాటికి నీ చేతిలో పెట్టేదాన్ని," అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఆమె ఎడమచేతి వేళ్లు పొట్టిగా అరిగిపోయి ఉండేవి. కుడిచేతి వేళ్లు బాగానే ఉన్నాయి కానీ అరచేతిలో ఓ పుండు నెలల తరబడి మానక, ఎప్పుడూ కట్టుతోనే కనిపించేది. ఒక శనివారం వెళ్లేసరికి ఆ కట్టు లేదు. కొత్త గాజులేసుకున్న పిల్లలాగా చెయ్యి ఇటూ అటూ తిప్పి చూపించింది. కొడుక్కి ఆడపిల్ల పుట్టిందట. అతను గచ్చిబౌలి ఆఫీసులకు క్యాబ్ నడుపుతాడు, హఫీజ్‌పేట్‌లో కిరాయి ఇంట్లో ఉంటాడు. వచ్చే ఆదివారం పిల్లను తొట్టెలలో వేస్తున్నారు. అవ్వ నెలల తరబడి ఎదురుచూసింది ఆ కట్టు విప్పే రోజు కోసమే.

"కట్టుతోని వస్తే ఇల్లు కిరాయికిచ్చినోళ్లు అడుగుతరు, కోడలి తల్లిగారోళ్లు అడుగుతరు. కట్టు లేకుంటే రా అమ్మా, నేనే బండిల తోలుకపోత అన్నడు నా కొడుకు. ఎడమ చెయ్యి కొంగు కింద పెట్టుకుంట. గీ చెయ్యితోని పిల్లను ఎత్తుకుంట." అలా చెబుతూ, లేని పిల్లను ఒళ్లో సర్దుకుంది.

నాకు కొడుకు మీద కోపం పొంగుకొచ్చింది. ఏం మనుషులు, కన్నతల్లి రావడానికి షరతులా అని అక్కడే మొదలుపెట్టాను. అవ్వ నా నోరు మూయించింది. "వానికేం తెల్వది అనుకుంటున్నవా? ఇంటోడు ఖాళీ చెయ్యమంటే బాలింతను పట్టుకొని ఏడికి పోతడు? ఊకో."

ఆ ఆదివారానికి ముందు, గురువారం, బంద్. ఆఫీసు మూసేశారు. గదిలో కూర్చోబుద్ధి కాక, పక్క సీట్లో పనిచేసే గోదావరి జిల్లా కుర్రాణ్ణి బతిమాలి అతని బైకు మీద కాలనీకి బయల్దేరాను. బస్సులు లేవు, ఆటోలు లేవు. అందుకే ఆ రోజు దవాఖాన నర్సు రాలేకపోయింది. వంటావిడ కూడా రాలేదు. పొద్దున్నించి ఎవరికీ చాయ్ లేదని తెలిసి, ఇదేం పెద్ద పని, నేను పెడతానని వంటగదిలోకి దూరాను.

అక్కడ అల్మారాలో నాకు రెండు రకాలు కనిపించాయి. పై అరలో తళతళలాడే స్టీలు గ్లాసులు, మేం వెళ్లినప్పుడు మాకిచ్చేవి. కింది అరలో మందపాటి ప్లాస్టిక్ కప్పులు, పెద్ద పెద్ద పిడులు, పిడులకు గుడ్డలు చుట్టి. అవి కాలనీవాళ్లవి. నా తల తిరిగిపోయింది. మా ఊరి హోటల్లో చూరుకు వేలాడే వేరే గ్లాసులు చూస్తూ పెరిగాను నేను. అంత దూరం ఎందుకు, మా పెరటి గోడ మీద బోర్లించి ఉండే గ్లాసు ఎవరిదో నాకు తెలుసు. అప్పుడు చిన్నదాన్ని, నోరెత్తలేదు. ఇప్పుడు సేవ పేరు చెప్పుకునే చోట కూడా ఇదేనా? ఆ కప్పుల్లో ఒక్కటి కూడా ముట్టుకోకుండా, స్టీలు గ్లాసులన్నీ దించి పొయ్యి మీది చాయ్ పొగలు కక్కుతుండగానే నిండుగా పోశాను.

అవ్వ వరండాలో కూర్చుని ఉంది. గ్లాసు చూసి, "నాది కప్పున్నది కదా, దాంట్ల పోసియ్యి బిడ్డా," అంది.

"ఎందుకవ్వా? నేను తాగే గ్లాసులో నువ్వు తాగకూడదా? నువ్వేం తక్కువ?"

"గట్ల కాదు బిడ్డా..."

"ఎట్లా కాదు, నువ్వు పట్టుకో ముందు!"

అవ్వ నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. తర్వాత కుడిచెయ్యి చాపి గ్లాసు అందుకుంది. నేను పక్కనే కూర్చుని ఉపన్యాసం ఎత్తుకున్నాను. మనుషుల్ని వేరు చేసే గ్లాసుల గురించి, మా ఊరి గురించి, ఈ సంస్థవాళ్లను రేపే కడిగేస్తానని. నా గ్లాసును చున్నీతో చుట్టి పట్టుకున్నాను, అయినా వేడికి తాళలేక ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాను. అవ్వ మాత్రం అరచెయ్యంతా ఆనించి, కదలకుండా పట్టుకుని నా మాటలు వింటోంది. కాయకష్టం చేసిన చేతులు, కాలవు కాబోలు అనుకున్నాను. ఛీ, ఏం బుద్ధి నాది! రోగం నయమైనా చేతికి పోయిన స్పర్శ తిరిగి రాలేదని, వేడి తగిలినా ఆ చెయ్యి చెప్పదని, గుడ్డ చుట్టిన పిడుల కప్పులు అందుకేనని నాకెవరూ చెప్పలేదు. నేనెవరినీ అడగలేదు.

పక్కింటి ఆమె చూసి కేక పెట్టింది. "అయ్యో, గ్లాసెవ్వలిచ్చిన్రే!" పరుగున వచ్చి గ్లాసు లాగేసుకుంది. కొత్తగా మానిన ఆ లేత చర్మం మొత్తం తెల్లగా ఉబ్బి ఉంది.

గోదావరి కుర్రాడు నర్సును తేవడానికి బైకు మీద పరుగెత్తాడు. హైవే మీద ఉద్యమకారులు రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారట. బండి ఆపి, "జై తెలంగాణ అను, ఇడుస్తం," అన్నారట. "జై తెలంగాణ అండి, దవాఖాన పనండి, వదలండి," అన్నాడట ఇతను. వాళ్లు నవ్వి, దారిచ్చి, ముందున్నవాళ్లకు కూడా కేకేసి చెప్పారట. ఆ మాట అతను తర్వాత చెబితే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నర్సు చెయ్యి కడిగి, మందు రాసి, కట్టు కట్టింది. "ఎట్ల కాలింది?" అని అడిగితే, "పొయ్యి కాడ నేనే సూస్కోలే," అంది అవ్వ.

"నేనిచ్చాను సిస్టర్. స్టీలు గ్లాసు," అన్నాను. నర్సు అవ్వ వైపు తిరిగింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "ఇగ ఆదివారం సంగతి మర్చిపో అవ్వా," అంది మెల్లగా.

నేను ఏడ్చాను. నా ఏడుపు చూసి అవ్వే నన్ను ఓదార్చాల్సి వచ్చింది. అదీ నా ఘనత. కట్టుతోనే తీసుకెళ్తానని, కొడుకుతో, ఇంటివాళ్లతో, ఎవరితోనైనా నేను మాట్లాడతానని అన్నాను. "నువ్వు మాట్లాడింది చాలు గని," అంది అవ్వ. కోపంగా అనలేదు. "నువ్వు పో. నా బదులు ఎత్తుకొని రా. ఎట్లున్నదో చెప్పు," అంది.

ఆదివారం హఫీజ్‌పేట్ వెళ్లాను. రెండు గదుల ఇల్లు, మామిడాకులు, చీరతో కట్టిన తొట్టెల. అవ్వ కొడుకు నన్ను పెద్ద చుట్టంలా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. తల్లికి జ్వరమని అందరికీ చెప్పాడు. లోపలికి తీసుకెళ్లి, ఆమె కోసం కొన్న చీర చూపించాడు. ఎడమచెయ్యి దాచుకోవడానికి వీలుగా కొంగు పొడవుగా ఉన్నది వెతికి తెచ్చాడట. "ఎన్నిసార్లు చెప్పిన మేడం, పొయ్యి కాడికి పోవద్దని. ఇనది," అన్నాడు బాధగా.

"మీ అమ్మ తప్పేం లేదు. గ్లాసు నేనిచ్చాను. వద్దన్నా వినకుండా ఇచ్చాను."

అతను చీర మడతపెట్టి పెట్టెలో పెట్టాడు. తర్వాత, "కూసోండ్రి మేడం, అన్నం తిని పోదురు," అన్నాడు. ఆ శనివారం నేను తిట్టిపోసిన మనిషి ఇతనే. అతను పెట్టిన అన్నం తిన్నాను.

కోడలు పిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. వెచ్చగా, కాస్తంత బరువుతో, నిద్రలోనే మూతి కదిలిస్తూ. నానమ్మ ఎత్తుకోవాల్సిన పిల్ల. నా చేతులకు అన్నీ తెలుస్తున్నాయి, నా గుప్పిట్లో పిల్ల గోరు గీరడం కూడా. ఆ అన్నీ తెలియడమే భరించలేకపోయాను. ఫోటోలు తీసుకుని, తొందరగా లేచాను.

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి కాలనీకి వెళ్లాను. అవ్వ నా కోసమే గడపలో కూర్చుని ఉంది. ఫోనులో ఫోటోలు చూపించాను. కళ్లు చికిలించి చూసింది. ముక్కు తనదే అంది, నుదురు కోడలిది అంది.

"ఎత్తుకున్నవా?"

"ఎత్తుకున్నానవ్వా."

"ఏ చేతుల?"

"ఇట్లా, రెండు చేతుల్లో."

"ఇటు తే," అంది. నా రెండు చేతుల్నీ తన మణికట్లతో దగ్గరికి లాక్కుంది. నా అరచేతులు ముఖానికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. ఏం వెతుకుతోందో నాకు ఆలస్యంగా అర్థమైంది. అవ్వను చూడబోతున్నానని నేను పొద్దున్నే తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చాను.

అవ్వ నా చేతులు వదిలింది.

"సబ్బు వాసనొస్తున్నది బిడ్డా," అంది.