నానబెట్టిన పైపు

మార్కాపురంలో నేను కొత్తగా విలేకరినైన రోజుల్లో, ఏ పనైనా రాదని ఒప్పుకోవడం నామోషీగా ఉండేది. ఎవరేం అడిగినా ముందు తలూపేసి, ఇంటికెళ్లాక చెమటలు కక్కేవాణ్ణి. (ఇప్పుడు రాదని హాయిగా చెప్పేస్తాను. వయసు ఇచ్చే సౌకర్యాల్లో అదొకటి.) ఆ జబ్బు బాగా ముదిరినప్పటి సంగతి ఇది. రాసిన వార్తకింత అని తప్ప జీతం లేని మాలో ఒకరిని ఉద్యోగంలోకి తీసుకోవడానికి హెడ్డాఫీసు నుంచి ఎడిటరుగారు సోమవారం వస్తున్నారని తెలిసింది. ఆయన పైపు పీలుస్తారని మా ఆఫీసు ఇన్‌చార్జి, మేం పెద్దసారు అని పిలిచే ఆయన, ఎక్కడో విన్నారు. గిద్దలూరు స్టేషన్ దగ్గర పాత సామాన్ల దుకాణంలో ఒక చెక్క పైపు దొరికితే, కానుకగా బాగుంటుందని పట్టుకొచ్చారు. లోపల మసి గట్టిపడి ఉంది, బయటంతా జిడ్డు, నోట్లో పెట్టుకునే నల్ల గొట్టం మీద ఎవరివో పంటిగాట్లు. దీన్నెవరు బాగుచేస్తారని ఆయన అడగడం, నేను తలూపడం ఒకేసారి జరిగిపోయాయి. "జాగ్రత్తబ్బా. ఎడిటరుగారి చేతికి నువ్వే ఇద్దువు" అన్నారు. ఆ మాటతో నా ఉద్యోగం ఆ పైపులోకి దూరి కూర్చుంది.

శుక్రవారం ఇంటి దగ్గర గొట్టం ఊడదీసి, చాకు మొనతో మసి గీకి, కాంపౌండరు మామ ఇచ్చిన స్పిరిట్‌లో దూది ముంచి తుడిచాను. సగం పనయ్యాక కిటికీలో పెట్టి, శనివారం తెల్లవారుజామునే వార్త కోసం కురిచేడు రైలెక్కాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి కిటికీలో గొట్టం ఒక్కటే ఉంది.

మా నాయన పలకల కార్ఖానాలో పాతికేళ్లు రాయి నునుపు చేసినవాడు. అక్కడ ఏ రాయినైనా ముందు తడిపి, ఆ తర్వాతే రుద్దుతారు. పొడిగా రుద్దితే గీతలు పడతాయి. కొడుకు ఉద్యోగం సంగతి కదా అని, ఆయన పైపును పొద్దున్నే నీళ్లతొట్టిలో వేసి, మధ్యాహ్నం దాకా నానబెట్టి, సన్నరాయితో ఓపిగ్గా రుద్దాడు. ఎట్ల వచ్చిందో చూడమని గర్వంగా నా చేతిలో పెట్టాడు. జిడ్డు లేదు. రంగూ లేదు. ఉడకబెట్టిన చిలగడదుంపలా ఉబ్బి ఉంది. గొట్టం పెట్టబోతే రంధ్రం పూడుకుపోయి ఎక్కడం లేదు.

నా ముఖం చూసి ఆయన గొంతు తగ్గింది. "ఏంరా, చెడిపోయిందా?"

"లేదు నాయనా, బాగుంది" అన్నాను.

గడపలో కూర్చుని చుట్ట కాలుస్తున్న అవ్వ అక్కడి నుంచే చూసింది. "చెక్కను నానేసినోడు ఒకడు, బాగుందనేటోడు ఇంకొకడు. వానకు నా చుట్టలు తడిస్తే ఎండకేస్తానా? పగిలి సస్తాయి. బియ్యంలో పెట్టుకుంటా. పో, పెట్టు."

పెట్టాను. ఆదివారమంతా పావుగంటకోసారి డబ్బా మూత తీసి, పైపు బయటికి తీసి, గొట్టం ఎక్కుతుందేమో చూడటం, ఎక్కక మళ్లీ పూడ్చడం. అన్నం పొగాకు కంపు కొడితే నువ్వే తినాలని అమ్మ పక్కనే కూర్చుని కాపలా కాసింది. నాయన మాత్రం ప్రతిసారీ నాతోపాటు వంగి చూశాడు. పొద్దువాలే వేళకు గొట్టం మెలితిప్పితే ఎక్కింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే అవ్వ దాన్ని లాక్కుని లోపలా బయటా, గొట్టంతో సహా, ఆముదం పట్టించింది. చెక్కకు నిజంగానే ఎర్రటి రంగు వచ్చింది. వాసన గురించి ఆలోచన వచ్చేసరికి అది ఎంత తుడిచినా పోయే దశ దాటింది.

సోమవారం ఎడిటరుగారు పైపును అటూ ఇటూ తిప్పి మెచ్చుకున్నారు. వెలిగించకుండా ఉంటే చాలని నేను మొక్కుకుంటున్నాను. డాక్టరు పొగ మాన్పించాడని, ఇప్పుడు ఊరికే నోట్లో పెట్టుకుంటున్నానని చెబుతూ ఆయన దాన్ని పళ్ల మధ్య పెట్టి గట్టిగా పీల్చారు. ఆ ముఖం ఐదేళ్ల పిల్లాడి ముఖంలా మారింది.

"ఆముదమా?" అన్నారు.

తొట్టి, బియ్యం, అవ్వ, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. పెద్దసారు గోడ మీది క్యాలెండరు వైపు తిరిగిపోయారు. ఎడిటరుగారు రుమాలుతో పెదాలు తుడుచుకున్నారు. "మా అమ్మ కాళ్ల మీదేసుకుని, ముక్కు మూసి పోసేది" అన్నారు మెల్లగా. పైపును మళ్లీ నోట్లో పెట్టుకున్నారు.

నెల తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. ఆముదం వల్లనే అనుకుంటూ ఏళ్లు గడిపాను. రిటైరయ్యే ముందు పెద్దసారు అసలు సంగతి చెప్పారు. ఎడిటరుగారు బయల్దేరక ముందే నా పేరు ఖాయమైందట. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే పైపెవరు తోముతారబ్బా?" అన్నారు.

ఆ ఆదివారం డబ్బా ముందు గొంతుక్కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. భుజం తట్టి, భయపడకు, నీ ఉద్యోగం ఎక్కడికీ పోదని చెప్పాలనిపిస్తుంది. కానీ చెబితే లేచి వెళ్లిపోతాడు. నాయన, అమ్మ, అవ్వ ముగ్గురూ అతని చుట్టూ కూర్చుని ఉన్నారు.